పనిలో గాయపడినవారికి నష్టపరిహారము : రైతు తెలిసికొనవలసిన విధులు



భీమ్‌గల్, ఆర్మూరు, బోధను ప్రాంతములలో ఎఱ్ఱజొన్న నూర్పిడి, పసుపు ఉడకబెట్టుట, పాలిషు పట్టుట, చెఱకు తోలుట, నీరు తోడుట మొదలగు పనులు నేడు చాలవఱకు యంత్రములతోడను, విద్యుచ్ఛక్తితోడను జరుగుచున్నవి. యంత్రము పనిని త్వరపఱచును గాని, జొన్నకంకి యేదో మనుష్యుని చేయి యేదో దానికి తెలియదు. చేయి పోయిన కూలివాడు "నా కర్మ మింతే" యని యూరకుండుటయు, పని చేయించుకొన్న రైతు మందుల ఖర్చు కొంత యిచ్చి తన బాధ్యత తీరినదని తలంచుటయు మన గ్రామములలో పరిపాటియైనది. ఈ రెండు తలంపులును పొరపాటే. నష్టపరిహారము దయాధర్మము కాదు, అది అప్పువంటిది. అప్పునకు పత్ర మెట్లో దీనికి వ్రాతపూర్వకమైన ఆధార మట్లు. ఆధారము లేనివాడు హక్కు గలిగియు పొందలేడు.

1. చట్టము చెప్పునది

బ్రిటిషు ఇండియాలో 1923వ సంవత్సరమున కార్మికుల నష్టపరిహార చట్టము చేయబడి, 1924 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. ఆ చట్టమందలి విధులే యిప్పుడు సామాజిక భద్రతా స్మృతి, 2020లో ఏడవ అధ్యాయముగా చేర్చబడి, 2025 నవంబరు 21వ తేదీనుండి అమలు జరుగుచున్నవి.

ఇందలి ముఖ్యసూత్ర మేమనగా, యజమాని తప్పు చేసెనని కూలివాడు ఋజువు చేయ నక్కఱలేదు. పనిలో నుండగా, ఆ పని కారణముగా ప్రమాదము జరిగినదని తేలిన చాలును. త్రాగి పనిచేసెననియు, రక్షణకై పెట్టిన మూతను బుద్ధిపూర్వకముగా తీసివేసెననియు యజమాని వాదింపవచ్చును. కాని మరణమో, శాశ్వతమైన పూర్ణవైకల్యమో సంభవించినచో ఆ వాదము కూడ చెల్లదు.

2. రైతు కూడ యజమానియే

ఈ చట్టము మిల్లులకు, ఫ్యాక్టరీలకు మాత్రమే చెందునని పలువురు తలంతురు. అది నిజము కాదు. భూమి సాగు, పశుపోషణ, ట్రాక్టరుతో సేద్యము, పురుగుమందు చల్లుట, బోరుబావి త్రవ్వుట, నీటి మోటారు బిగించుట, బాగుచేయుట, యంత్రములతో కోత, నూర్పిడి, ఇవన్నియు చట్టపు పట్టికలో చేర్చబడిన పనులే. దినకూలికి చట్టము వర్తింపదను వాదమునకు ఆధారముగా నుండిన మాటలను 2000వ సంవత్సరపు సవరణ తొలగించినది. నూర్పిడి యంత్రములవలని ప్రమాదములు హెచ్చినందున, 1983లో పార్లమెంటు అపాయకర యంత్రముల నియంత్రణకును, వానిపై పనిచేయు కూలీల పరిహారమునకును ప్రత్యేకముగా నొక చట్టము చేసెను.

పనిని ముఠా మేస్త్రీకి గుత్తకిచ్చినను బాధ్యత తొలగదు. తన పొలమున తన వ్యవసాయపు పనిలో గాయపడిన కూలివానికి రైతు మొదట పరిహారము చెల్లించి, తరువాత దానిని మేస్త్రీనుండి రాబట్టుకొనవలెను.

బోధనులోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ వంటి చోట్ల హాజరు పుస్తకము, జీతపు లెక్క ఉండెడివి. ప్రమాదము జరిగినచో వానిని చూపవచ్చును. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినది. నేడు మన ప్రాంతపు కూలిపని యధికభాగము పొలములలోను, కల్లములలోను జరుగుచున్నది. అచ్చట హాజరు పుస్తకము లేదు. కావుననే వ్రాత విషయమున మనము మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. ఇ.ఎస్.ఐ. పథకమున చేరిన ఫ్యాక్టరీ కార్మికులు మాత్రము తమ పరిహారమును ఆ పథకము ద్వారానే పొందవలెను.

3. పరిహారమును లెక్కించు విధము

మరణించినచో నెలకూలిలో సగమును, పూర్ణవైకల్యము కలిగినచో నూటికి 60 వంతులను, వయస్సును బట్టి చట్టములో నిర్ణయింపబడిన గుణకముతో హెచ్చవేయవలెను. గుణకము 30 ఏండ్లకు 207.98, 40 ఏండ్లకు 184.17, 50 ఏండ్లకు 153.09.

ఉదాహరణము: 30 ఏండ్ల కూలివాని నెలసంపాదన 10,000 రూపాయలనుకొందము. అతడు మరణించినచో 5,000ను 207.98తో హెచ్చవేయగా 10,39,900 రూపాయలు కుటుంబమునకు రావలెను. అతని బొటనవ్రేలు మాత్రము తెగిపోయినచో నష్టము నూటికి 30 వంతులుగా పట్టికలో నున్నది. 6,000ను 207.98తో హెచ్చవేసి, వచ్చిన 12,47,880లో 30 వంతులు తీయగా 3,74,364 రూపాయలగును. పట్టికలో లేని గాయములకు అర్హుడగు వైద్యుడు సంపాదనశక్తి యెంత తగ్గినదో నిర్ణయించును. ఇవిగాక వైద్యమునకైన నిజమైన ఖర్చును కూడ యజమానియే భరింపవలెను. నెలరోజులు దాటినను చెల్లింపనిచో నూటికి 12 వంతుల వడ్డీయు, తగిన కారణము లేనిచో సగమువఱకు అపరాధపు సొమ్మును పడును.

4. పెద్దమనుషుల ఒడంబడిక

ప్రమాదము జరిగిన పిమ్మట గ్రామాభివృద్ధి కమిటీ యెదుటనో, కులపెద్దల యెదుటనో కూర్చుండి యింత సొమ్మని తీర్మానించుకొనుట మన యలవాటు. ఇరుపక్షముల మేలు కోరియే పెద్దలు దీనిని చేయుదురు. అయితే మరణము సంభవించినప్పుడు పరిహారమును అధికారి యొద్దనే జమకట్టవలెను. కుటుంబమునకు చేతికిచ్చిన సొమ్ము, మూడు నెలల కూలికి మించని బయానా తప్ప, చెల్లింపుగా లెక్కకు రాదు. అనగా రైతు రెండవమాఱు చెల్లింపవలసి రావచ్చును. హక్కును వదలుకొంటినని కూలివానిచేత వ్రాయించుకొన్న కాగితమును చెల్లదు. గాయముల విషయమున రాజీ కుదిరినచో దానిని కార్మిక శాఖాధికారి యొద్ద నమోదు చేయించుట యిరువురకును క్షేమము.

5. మొదటి దినమున చేయవలసినవి

(క) ప్రమాదము జరిగిన చోటు, వేళ, యంత్రము, చూచినవారి పేర్లు ఆ దినముననే వ్రాసి సంతకములు చేయింపుడు.
(చ) ఆసుపత్రిలో "పొలమున యంత్రములో పడి గాయము" అని నిజము చెప్పి వ్రాయింపుడు. "ఇంటివద్ద జాఱిపడెను" అని వ్రాయించినచో పిమ్మట ఎంత మొఱపెట్టినను నమ్మువారుండరు.
(ట) మరణమైనచో పోలీసు ఫిర్యాదును, శవపరీక్షను తప్పింపరాదు.
(త) యజమానికి ప్రమాదమును గూర్చి వ్రాతమూలముగా తెలిపి, నకలు దాచుకొనుడు.
(ప) రెండు సంవత్సరములలోపల అర్జీ పెట్టుడు. నిజామాబాదులోని కార్మిక శాఖ కార్యాలయమున మార్గము తెలిసికొనవచ్చును. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, పేదలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా న్యాయవాదిని నియమించును.

అర్జీ పెట్టినంతనే ఫలము చేతికి రాదని కూడ తెలిసియుండవలెను. మహారాష్ట్రమున ఒక చక్కెర ఫ్యాక్టరీ కావలివాడు తెల్లవాఱుజామున 3 గంటల పనికి మోటారుసైకిలుపై పోవుచు, ఫ్యాక్టరీకి దాదాపు 5 కిలోమీటర్ల దూరమున 2003 ఏప్రిలులో మరణించెను. కమిషనరు 3,26,140 రూపాయలు మంజూరు చేయగా, త్రోవలో జరిగినది పనిలో జరిగినట్లు కాదని 2011లో బొంబాయి హైకోర్టు కొట్టివేసెను. 2025 జూలై 29న సుప్రీముకోర్టు ఆ తీర్పును మార్చి, పనికి పోవు వేళకును, త్రోవకును పనితో సంబంధమున్నచో అదియు పనిలో జరిగిన ప్రమాదమే యని నిర్ణయించెను. భార్యయు, పిల్లలును, తల్లియు 22 సంవత్సరములు వేచియుండిరి. అంతకాలము వ్యాజ్యము నిలువవలెనన్న కాగితములు భద్రముగా నుండవలెను.

6. వైద్యములో లోపము కలిగినచో

గాయపడినవాడు పొలమునుండి ఆసుపత్రికి పోవును. అచ్చటి యశ్రద్ధవలన చేతికి బదులు ప్రాణమే పోవచ్చును. సొమ్ము తీసికొని చేయు వైద్యము వినియోగదారుల చట్టమునకు లోబడునని సుప్రీముకోర్టు 1995లో నిర్ణయించెను. అందఱకును ఉచితముగా జరుగు ప్రభుత్వ వైద్యము దానికి లోబడదు. అట్టిచోట సివిలు న్యాయస్థానమునకు పోవలెను. రోగము కుదురనంత మాత్రమున వైద్యునిపై నేరము మోపరాదు. సామాన్యముగా నేర్పుగల వైద్యుడు చేయవలసినది చేయకుండుటయే లోపము.

హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో 1990లో ఒక యింజనీరింగు విద్యార్థికి ఛాతిలోని గడ్డకు శస్త్రచికిత్స జరుగగా రెండు కాళ్లును పడిపోయినవి. పరీక్షకై ముక్క తీయుటకు మాత్రమే సమ్మతి పొంది గడ్డనంతయు తీసిరనియు, నరముల శస్త్రవైద్యుని తోడు లేకపోయెననియు తేలినది. 2009లో సుప్రీముకోర్టు 1 కోటి రూపాయల పరిహార మిప్పించెను. సమ్మతిపత్రములో వ్రాసిన దేమో చదివించుకొని సంతకము చేయవలెనని దీనివలన మనము నేర్చుకొనవలెను. రోగి కోరిన 72 గంటలలో చికిత్సా పత్రముల నకళ్లియ్యవలెనని 2002 నాటి వైద్యమండలి నిబంధన గలదు. ఫిర్యాదును రెండేండ్లలోపల నిజామాబాదు జిల్లా వినియోగదారుల కమిషనునకు చేయవలెను. చెల్లించిన వైద్యపు సొమ్ము 5 లక్షలకు మించనిచో రుసుము లేదు.

7. సంఘము చేయదగినది

మూడెకరముల రైతు పది లక్షలు చెల్లింపవలసి వచ్చినచో భూమి అమ్ముకొనవలెను. చెల్లింపనిచో కూలివాని పిల్లలు పస్తులుందురు. ఇరువురిని కాపాడునది బీమా. 2018లో తెలంగాణమున ఆరంభమైన రైతుబీమా పట్టాదారులకు మాత్రమే యుద్దేశింపబడినది. భూమిలేని కూలివానికి అది లేదు. కేంద్ర ప్రభుత్వపు సురక్షా బీమాలో 18 మొదలు 70 ఏండ్ల వయస్సువారు బ్యాంకు ఖాతాద్వారా ఏటికి 20 రూపాయలు చెల్లించినచో ప్రమాదమరణమునకు 2 లక్షలు వచ్చును. ఇది యజమాని బాధ్యతను తీర్పదు. కుటుంబమునకు తక్షణాధార మగును. ట్రాక్టరు బీమాపత్రమున డ్రైవరుకును, కూలీలకును రుసుము కట్టబడినదో లేదో చూచుకొనుడు. నూర్పిడి యంత్రములు, పాలిషు డ్రమ్ములు గల సభ్యులు కలిసి, కూలీల పరిహారమునకై బీమా కంపెనీవద్ద ఒకే పత్రము తీసికొనుటను గూర్చి సంఘ సమావేశమున ఆలోచింపుడు.

యంత్రమునకు మూత బిగించుట మొదటి ధర్మము. కూలీల పేర్లు, తేదీలు, కూలి వ్రాసియుంచు ఒక చిన్న పుస్తకము కల్లమున నుంచుట రెండవది. పుస్తకమునకు పది రూపాయలు మించి వ్యయము కాదు. చదువను నేర్చినవారు ఈ పాఠమును చదువరాని సభ్యులకును, ముఖ్యముగా తమ పొలమున పనిచేయు కూలీలకును చదివి వినిపింపవలెనని కోరుచున్నాము.