మంద్రస్వరము – సంఘ క్షేమాభివృద్ధి

వాక్యభాగము: 1 కొరింథీయులకు 14:7–12, 26
తోడుగా చదువవలసినవి: 1 రాజులు 19:11–13, కీర్తన 150, రోమీయులకు 15:2



పౌలు కొరింథు సంఘమునకు వ్రాయుచు పిల్లనగ్రోవి, వీణ, బూర అను వాద్యములను మాదిరిగా ఎత్తి చూపెను. ప్రాణములేని ఈ వస్తువులు స్వరభేదము లేక మ్రోగినయెడల వినువానికి ఏమి ప్రయోజనమని ఆయన ప్రశ్న. ఎంత బిగ్గరగా మ్రోగెనని ఆయన అడుగలేదు. వినువానికి తెలిసెనా యని అడిగెను. 26వ వచనములో ఆరాధన అంతటికిని ఒకే కొలత నియమించెను: అది సంఘమునకు క్షేమాభివృద్ధి కలిగించునా? మా సంఘమునకు క్రొత్తగా వచ్చిన ఒక వస్తువు విషయములో ఈ కొలతను ఎట్లు ఉపయోగించవలెనో ఈ నెల ఆలోచింతము.

1. వచ్చిన వస్తువు

చిత్తూరు, తిరుపతి ప్రాంతపు పల్లె సంఘములలో నేడు తబలా, తాళములతోపాటు కీబోర్డు, రిథమ్ ప్యాడ్, బేస్ గిటారు కూడ వినబడుచున్నవి. మా యౌవనస్థులు చందాలు వేసికొని బేస్ గిటారు కొరకు ఒక పాత వాల్వు ఆంప్లిఫయరు తెచ్చిరి. దాని శక్తి 15 వాట్లు మాత్రమే. నాలుగు ఆదివారములు వింటిమి. కావున ఇవి తొలి అభిప్రాయములు మాత్రమే.

పెట్టె చిన్నదేగాని, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ల వలన ఎత్తుటకు బరువు. స్విచ్చి వేసిన వెంటనే పలుకదు; వాల్వులు కాగి ఎఱ్ఱగా వెలుగువరకు అర నిమిషము కనిపెట్టవలెను. తరువాత వచ్చు స్వరము గుండ్రముగా, మెత్తగా నుండును. తీగను గట్టిగా మీటినయెడల స్వరము పగులక, కొంచెము గరగరమని దట్టమగును. అది చెవికి ఇంపుగానే యుండును గాని, అప్పుడు ఒక స్వరమునకును మరియొక స్వరమునకును భేదము తగ్గును. డ్రమ్ములు గట్టిగా కొట్టినచో ఈ పెట్టె అసలే వినబడదు.

వాల్వు అనగా గాలి తీసివేసిన గాజు బుడ్డి. కాగిన కాథోడు నుండి ఎలక్ట్రానులు ప్లేటునకు పోవును. నడుమనున్న గ్రిడ్డు అను జల్లెడకు తగిలిన చిన్న సంకేతము ఆ పెద్ద ప్రవాహమును హెచ్చించుచు తగ్గించుచు నుండును. ఈ గ్రిడ్డును 1906లో చేర్చిన లీ డి ఫారెస్ట్ అను అమెరికా దేశస్థుడు ఒక పాదిరిగారి కుమారుడు. 1947లో ట్రాన్సిస్టరు కనుగొనబడిన పిమ్మట వాల్వులు చాలవరకు మూలబడెను. సంగీతకారులు మాత్రము వాటిని విడువలేదు. 1960లో ఆంపెగ్ కంపెనీవారు తెచ్చిన బి-15 అను బేస్ ఆంప్లిఫయరు సుమారు 25 వాట్లదే. అయినను రికార్డింగు గదులలో గొప్ప పేరు పొందినది.

2. వాట్ల లెక్క

"అయ్యగారూ, 150 వాట్ల పెట్టె కొందము, పదింతలు వినబడును" అని ఒక తమ్ముడు అనెను. చెవి లెక్క అట్లుండదు. శక్తి రెట్టింపైనచో శబ్దము 3 డెసిబెల్లులే పెరుగును. పదింతలైనచో 10 డెసిబెల్లులు పెరుగును. అది చెవికి సుమారు రెండింతలుగా మాత్రమే తోచును. బేస్ గిటారు లావు తీగ సెకనుకు సుమారు 41 మారులు కంపించును. అంత మంద్రమైన స్వరము మన చెవికి తక్కువగా వినబడును. కావున పందిరి క్రింద జరుగు పెద్ద కూటములకు ఈ పెట్టె చాలదని ఒప్పుకొనవలెను. మా చిన్న గుడికి మాత్రము చాలినది.

3. ఎవరి స్వరము వినబడవలెను?

మా సంఘములో చదువు రాని అవ్వ ఒకామె యున్నది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఎన్నో ఆమెకు కంఠతా వచ్చును. పెద్ద పెట్టెలు మ్రోగు కూటములలో ఆమె నోరు కదలదు. కారణమడుగగా, "నా గొంతు నాకే ఇనబడదు అయ్యగారూ, ఇంగ పాడేదెట్ల?" అనెను. ఈ నాలుగు ఆదివారములు ఆమె పాడినది. చరణము మరచిన పడుచువారు ఆమె వైపు చెవియొగ్గి అందుకొనిరి. కీర్తన పుస్తకము చదువలేని విశ్వాసికి ఆ పాటయే వాక్యము, ఆ పాటయే ప్రార్థన. దానిని మన శబ్దముతో కప్పివేసినయెడల ఆమె చేతిలోని రొట్టె తీసికొన్నట్లే గదా.

పెద్దలలో కొందరు, కీర్తనలకు గిటారు తగదనిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో అనేకమునకు రాగతాళములు వ్రాయబడియున్నవి. తంబురాలోని మంద్ర షడ్జము పాటకు ఆధారముగా నిలుచునది. బేస్ గిటారు ఆ పని చేసినచో అభ్యంతరమేల? 150వ కీర్తన గంభీరధ్వనిగల తాళములను కూడ స్తుతికి పిలుచుచున్నది. ఏలీయాకు దేవుడు మిక్కిలి మెల్లని స్వరముతో మాటలాడెను. సీనాయి కొండయొద్ద బూరధ్వని మధ్య మాటలాడెను. కాబట్టి చిన్న శబ్దము పరిశుద్ధమనియు, పెద్ద శబ్దము పాపమనియు చెప్పజాలము. క్షేమాభివృద్ధియే కొలత.

4. పొరుగువాని చెవి

గుడి గోడ ప్రక్కన పరీక్షకు చదువు బిడ్డ, జ్వరముతో పండుకొన్న ముసలివాడు ఉండవచ్చును. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము నివాస స్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులు హద్దు. రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు రాత్రియని లెక్క. చట్టము లేకపోయినను, పొరుగువాని మేలు కోరి నడువవలెనని రోమా పత్రిక మనకు ముందే నేర్పినది.

5. వాడువారికి జాగ్రత్తలు

స్పీకరు తగిలింపక వాల్వు ఆంప్లిఫయరును ఎన్నడును నడుపరాదు, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చును. పెట్టె మీద వ్రాసిన ఓముల లెక్కకు సరిపోవు స్పీకరునే తగిలింపవలెను. లోపల వందల వోల్టుల కరెంటు ఉండును. ప్లగ్గు పీకిన తరువాత కూడ కొంతకాలము నిలిచి ప్రాణము తీయగలదు. కావున పిల్లలు మూత విప్పరాదు. ఎర్తు సరిగా నుండవలెను. బోరు మోటార్లు నడుచునప్పుడు కరెంటు హెచ్చుతగ్గులగు పల్లెలలో స్టెబిలైజరు మేలు. అన్నిటికంటె ముందు తీగలు శ్రుతి చేయవలెను: ఆంప్లిఫయరు అపశ్రుతిని సరిచేయదు, పెద్దది చేయును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన గుడిలో పాట మానివేసినవారు ఎవరైన ఉన్నారా? కారణమేమని వారిని అడిగితిమా?
2. వాద్యములు వాయించు యౌవనస్థులు సంఘము పాడుచున్న పాటను వినుచున్నారా?
3. పెద్దలమైన మనము క్రొత్త వస్తువును కాదనుటకు ముందు ఏ కొలతతో కొలిచితిమి?

మన స్వరములను, మన వాద్యములను సంఘము కట్టబడుటకై ప్రభువు వాడుకొనునుగాక. ఆమేన్.