బిల్లు దాచిన అక్క

పొదుపు సంఘం కొత్త ల్యాప్‌టాప్ కొన్నది. కుట్టుపని నేర్పే డిస్కు పెట్టారు. గరగరమన్నది. బొమ్మ రాలేదు.

లెక్కలు రాసే అక్క డిస్కును మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచింది. గుండ్రంగా తుడవకూడదు. అచ్చు వైపు పైకి ఉంచి, టక్కుమనేదాకా నొక్కింది. ఆడలేదు. పక్కింట్లో బాగా ఆడే రెండు డిస్కులు తెచ్చి పెట్టింది. అవీ ఆడలేదు.

“లోపం డిస్కులో లేదు, డ్రైవులోనే ఉంది” అన్నది.

“స్క్రూలు విప్పి చూద్దామా అక్కా?”

“వద్దమ్మా! విప్పితే గ్యారంటీ ఇవ్వమంటారు.”

బిల్లు పట్టుకుని షాపుకు పోయింది. “మీకు వాడటం రాదు” అన్నాడు షాపతను. అక్క అవే డిస్కులు షాపులోని వేరే మిషన్‌లో పెట్టించింది. ఆడాయి! అతను మారు మాట్లాడలేదు. డ్రైవు మార్చి ఇచ్చాడు.

మార్చకపోతే? వినియోగదారులు 1915కు ఫోను చేయవచ్చు.

మీ ఇంట్లో బిల్లులు ఎక్కడ దాస్తున్నారు?