చేతికి వచ్చినదానిని చేతికి అందించుట



ఈ నెల మన పాఠము ఒక పుస్తక ప్రచురణకర్త కుటుంబమును గూర్చినది. వావిళ్ళవారి పేరు మీలో పెద్దవారు ఎరుగుదురు. వారి పెద్ద బాలశిక్షతో అక్షరములు నేర్చినవారు మనలోను ఉండవచ్చును.

వావిళ్ళ రామస్వామి శాస్త్రులుగారు 1854లో మద్రాసులో ముద్రణాలయము స్థాపించారు. అప్పటికి మన గ్రంథములనేకము తాటాకుల మీదనే ఉన్నవి. వ్రాతగాండ్ర తప్పులును వాటిలో చేరినవి. ప్రతులను సరిచూచి, తప్పులు దిద్ది అచ్చువేయుట ఆయన పని. 1891లో ఆయన మరణించునాటికి కుమారుడు వెంకటేశ్వర శాస్త్రులుగారు ఏడేండ్లవాడు. పెద్దయిన తరువాత ఆయన తండ్రి పనిని ఇంకను విస్తరింపజేశారు.

ఈ చరిత్రలో మన ఊరి పేరును ఉన్నది. 18వ శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని వ్రాసిన 'రాధికా సాంత్వనము'ను బెంగళూరు నాగరత్నమ్మగారు పరిష్కరించగా, వావిళ్ళవారు 1910లో ప్రచురించారు. అంతకు ముందరి ముద్రణలో కొన్ని పద్యములు, కవయిత్రి తన వంశమును గూర్చి చెప్పుకొన్న భాగము తీసివేయబడినవి. నాగరత్నమ్మగారు వాటిని మరల చేర్చారు. అది అశ్లీలమని ప్రభుత్వము నిషేధించినది. ఆ నిషేధము 1947లో తొలగినది. 1952లో వావిళ్ళవారు మరల అచ్చువేశారు.

ఆ శృంగార వర్ణనలు మన ఇండ్లలో చదువదగినవి కావని నేనును తలంచుచున్నాను. అయినను ఒకరు వ్రాసినదానిని కత్తిరించి, వారి పేరుతోనే అమ్ముట న్యాయమా? మనకు నచ్చినది నచ్చనిది వేరు. చేతికి వచ్చినదానిని చెరపకుండ అందించుట వేరు.

ఇక మన సంగతి. ఆరాధనలో మన పిల్లలు తెలుగు కీర్తనలను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసుకొని పాడుచున్నారు. గొంతు చక్కగా ఉన్నది. తెలుగు పాటల పుస్తకము చేతికిచ్చిన మూసివేయుచున్నారు. తప్పు వారిది కాదు, నేర్పని మనది. కత్తిరించిన పుస్తకము ఎంత నష్టమో, చదువరి లేని పుస్తకమును అంతే నష్టము. వావిళ్ళవారును పలు భాషల పట్టణములోనే ఉండి ఈ పని చేశారు. గనుక "బెంగళూరులో ఉన్నాము, ఏమి చేయగలము" అనుట సాకు మాత్రమే.

రాత్రి భోజనమునకు ముందు పది నిమిషములు చాలును. ఒక పేజీ బిడ్డ చదువవలెను, పెద్దలు వినవలెను.

ఆలోచించుటకు:
1. మీ ఇంట తెలుగు చదువగల చివరివారు ఎవరు?
2. వారి తరువాత ఆ పుస్తకములు ఎవరు తెరతురు?