వానకు ముందే గోడల పరీక్ష

(గ్రామ పంచాయతీ సభ్యులకు పాఠము)

2021 అక్టోబరు నెలలో జోగులాంబ గద్వాల జిల్లా ఐజ మండలములోని కొత్తపల్లి గ్రామమున, వానకు నానిన గోడ రాత్రివేళ కూలి, నిద్రించుచున్న ఒకే కుటుంబములోని ఐదుగురు మరణించిరి. 2024 వానకాలపు తొలి దినములలో నాగర్‌కర్నూల్ మండలము వనపట్లలో మట్టి మిద్దె పైకప్పు కూలి ఒక తల్లి, ఆమె ముగ్గురు బిడ్డలు ప్రాణములు కోల్పోయిరి. ఇంటి మరమ్మతు ఇంటివాని సొంత పని యని పంచాయతీ ఊరకుండరాదని ఈ రెండు దుర్ఘటనలు తెలుపుచున్నవి. గోడ కూలుటకు ముందు తరచుగ కొన్ని గుర్తులు చూపును. వానిని చదువుట నేర్చుకొనవలెను.

మట్టి మిద్దె బరువు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతములలో మట్టి మిద్దెలు నేటికిని కలవు. ఎండకాలమున చల్లగాను, చలికాలమున వెచ్చగాను ఉండుట వాని సుగుణము. దూలములు, దంతెలు పరచి, వానిపై మట్టి వేసి దిమ్మిస చేయుదురు. కురిసినప్పుడెల్ల పైన మరికొంత చౌడుమట్టి పోయుట వాడుక. ప్రమాదము ఇచ్చటనే ఉన్నది.

ఒక చిన్న లెక్క చూడుడు. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గల గదిపై 30 సెంటీమీటర్ల మందమున మట్టి ఉన్నచో అది 6 ఘనపు మీటర్లు; బరువు సుమారు 10 టన్నులు. ముసురు పట్టి ఆ మట్టి నీరు పీల్చినచో మరొక టన్నుకు పైగా బరువు చేరును. పాతమట్టి తీయక 5 సెంటీమీటర్ల కొత్తమట్టి పోసినచో ఇంకొక టన్నున్నర పెరుగును. కాని క్రింది దూలము మాత్రము పాతదే. అందుచేత పాతపొరను గీకి దింపిన పిమ్మటనే క్రొత్తపొర వేయవలెను. దూలము గోడలోనికి చొచ్చిన చోట సూదితోగాని, మేకుతోగాని పొడిచి చూడవలెను. చెదలు తిన్న కొయ్యలో మేకు సులువుగా దిగును. దూలము నడుమ వంగినచో వెంటనే క్రింద నిట్రాట నిలిపి, ఆ గదిలో పడుకొనుట మానవలెను.

రాతిగోడ, సున్నపు పని

మట్టితోను, సున్నముతోను కట్టిన పాతగోడలు నేల నుండి తేమను పీల్చి, మరల గాలికి విడిచి ఆరుచుండును. అట్టి గోడకు దట్టముగ సిమెంటు పూసినచో తేమకు దారి మూసికొనిపోయి, లోపలి మట్టి మెత్తబడును. పైకి గోడ నున్నగా కనిపించుచుండగనే లోపల డొల్లయగును. కావున సున్నపు గోడకు సున్నపు పూతయే తగును. మట్టిగోడకు గడ్డి కలిపి మాగవేసిన మట్టితో మెత్తవలెను.

గోడ అడుగున తెల్లని ఉప్పుపూత కనిపించినచో తేమ చేరుచున్నదని గ్రహింపవలెను. ఇంకుడుగుంత గోడ ప్రక్కనే త్రవ్వుట, స్నానపు నీరు పునాదికి పారుట, పేడకుప్ప గోడకు ఆనించుట దీనికి ముఖ్య కారణములు. ముందు నీటిని మళ్లించి, తరువాతనే పూత పూయవలెను.

నల్లరేగడి నేల

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో నల్లరేగడి నేలలు కలవు. ఈ నేల వానకు ఉబ్బును, ఎండకు కుదించుకొని నెర్రెలు వారును. దానితో గోడలును పగులును. పగులుకు ఇరువైపుల పెన్సిలుతో గీతలు గీసి, తేదీ వ్రాసి, నెలకొకమారు కొలువవలెను. కొలత మారనిచో పగులు నిలిచినదన్నమాట, దానిని నింపవచ్చును. పెరుగుచున్నచో నింపినను ఫలములేదు, ఇంజనీరునకు చూపవలెను. ఇంటిచుట్టును ఒక మీటరు వెడల్పున బయటికి వాలుగ బండలు పరచినచో పునాదిలోనికి నీరు దిగదు.

కాంక్రీటు కప్పు

స్లాబునకు మరమ్మతు అక్కరలేదనుకొనుట పొరపాటు. కప్పు మీద నీరు నిలిచినచో సన్నని రంధ్రముల గుండ దిగి లోపలి ఇనుపచువ్వలను త్రుప్పు పట్టించును. త్రుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, క్రింది కాంక్రీటును పెచ్చులుగ ఊడ్చును. పెచ్చు ఊడిన చోట సున్నము పూసి మరుగుపరచుట రోగమును దాచుటయే.

మరమ్మతు క్రమమిది: మొదట కప్పు క్రింద ఆసరా నిలుపవలెను. వదులైన కాంక్రీటును పూర్తిగా కొట్టివేయవలెను. తీగబ్రష్షుతో చువ్వల త్రుప్పును రుద్ది తీయవలెను. చువ్వ బాగుగ సన్నబడినచో పని ఆపి ఇంజనీరును పిలువవలెను. లేనిచో ఆ చోటును తడిపి, సిమెంటు పాలు పూసి, ఒక పాలు సిమెంటునకు మూడు పాళ్లు శుభ్రమైన ఇసుక కలిపిన మాలుతో నొక్కి నింపవలెను. కలిపిన మాలును అరగంటలో వాడవలెను. గట్టిపడిన మాలులో నీరు పోసి మరల కలుపరాదు.

క్రొత్త కాంక్రీటులో 50 కిలోల సిమెంటు బస్తాకు నీరు 25 నుండి 27 లీటర్లకు మించకుండుట మేలు. జారుగ ఉన్న మాలు మేస్త్రీకి సులువు, ఇంటికి చేటు. మన ఎండలలో కనీసము 10 దినములు తడుపవలెను. గోనెపట్టాలు కప్పినచో నీరు ఆదాయగును.

పంచాయతీ కర్తవ్యము

2019 సెప్టెంబరులో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమములో శిథిల గృహములను గుర్తించి తొలగించుట ఒక అంశముగా నుండెను. ఆ పనిని ప్రతి ఏట కొనసాగింపవచ్చును. మే నెలలో వార్డు సభ్యుడు ఒక తాపీ మేస్త్రీని వెంటబెట్టుకొని వీధి వీధి చూడవలెను. వంగిన గోడ, కుంగిన దూలము, పెచ్చులూడిన కప్పు గల ఇండ్ల పట్టికను పంచాయతీ కార్యదర్శికి అందజేయవలెను. పాఠశాల వరండాను, అంగన్‌వాడీ భవనమును, మంచినీటి ట్యాంకును విడువరాదు. కొత్తపల్లి దుర్ఘటన అక్టోబరులో జరిగినది గనుక సెప్టెంబరులో మరొకమారు చూచుట అవసరము. బీదవారు ఇల్లు విడిచి పోవుటకు చోటులేక ఆ గోడల నడుమనే పడుకొందురు. ముసురు రాత్రులకై పాఠశాలనో, పంచాయతీ భవనమునో తెరచి ఉంచినచో వారికి నిజమైన రక్షణ కలుగును.

సభలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన గ్రామములో పాతమట్టి తీయకయే క్రొత్తమట్టి పోసిన మిద్దెలు ఎన్ని?
2. ఏ వీధిలో మురుగునీరు పునాదులకు తగులుచున్నది?
3. నేటి రాత్రి ముసురు పట్టినచో ముందుగా ఏ ఇంటివారిని లేపవలెను?

మూడవ ప్రశ్నకు ప్రతి సభ్యుడును తన వార్డు వరకు తడుముకొనక సమాధానము చెప్పగలిగిననాడు ఈ పాఠము ఫలించినట్లు.