ఏ మంచు?

పిల్లలూ, ఈసారి పాఠం ఒకే ఒక్క మాట మీద. ఆ మాట 'మంచు'.

సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున బస్సు మెల్లగా పోతుంటే డ్రైవరు "మంచు బాగా పట్టింది" అంటాడు. అది గాలిలో తేలే పొగమంచు. గడ్డిలో నడిచి పాదాలు తడుపుకుని వస్తే అమ్మమ్మ "మంచులో తిరక్కురా, జలుబు చేస్తుంది" అంటుంది. అవి గడ్డి మీది నీటి బొట్లు. హిమాలయాల ఫోటోలో తెల్లగా కనిపించేదీ మంచే. చెరువు గడ్డకట్టిందని చదివితే అదీ మంచే. నాలుగు వేరు వేరు వస్తువులు, మాట మాత్రం ఒకటి.

మీలో చాలామందికి హిందీ బాగా వచ్చు కనుక పోల్చి చూడండి. గడ్డి మీదిది ఓస్, గాలిలోది కోహరా, రాత్రి చలికి నేల మీద తెల్లగా పేరుకునేది పాలా. హిందీ ఇక్కడిదాకా విడదీసింది. కానీ ఆకాశం నుంచి పడేదీ బర్ఫే, ఫ్రిజ్‌లో గడ్డకట్టేదీ బర్ఫే. ఆ రెండింటినీ ఇంగ్లీషు స్నో అనీ, ఐస్ అనీ విడదీసింది. అమెరికాలో ఉన్న మన బంధువులు ఫోనులో "ఇక్కడ స్నో పడింది" అంటారేగాని "మంచు పడింది" అనరు, గమనించారా? అది గొప్పకు అనే మాట కాదు. అక్కడ బతకడానికి ఆ తేడా కావాలి. సంస్కృతం నుంచి మనకు హిమం, తుహినం, తుషారం, నీహారం, ప్రాలేయం అని చాలా మాటలు వచ్చాయి. అమరకోశం వాటిని ఒకే చోట పర్యాయపదాలుగా చేర్చింది. పద్యం రాసేవారికి అది సౌకర్యమే, గణానికి ఏది సరిపోతే అది వేసుకోవచ్చు. మంచు తీసి పొట్టపోసుకునేవారికి మాత్రం ఆ సౌకర్యం లేదు. ఎదురుగా ఉన్నది ఏ మంచో తెలియకపోతే వారు ఏ పనిముట్టు పట్టుకోవాలో కూడా తెలియదు.

అవును, మంచు తీయడం ఒక వృత్తి. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో, కెనడాలో పెద్ద రోడ్ల మీద మంచు తీసే పని ప్రభుత్వానిది. కానీ ఆసుపత్రి ముందున్న పార్కింగ్ స్థలం, దుకాణాల సముదాయం, గిడ్డంగి, ఆఫీసు భవనం మెట్లు ఎవరు శుభ్రం చేయాలి? ఆ స్థలం యజమానులే. వారు చలికాలం రాకముందే ఒక కాంట్రాక్టరుతో ఒప్పందం చేసుకుంటారు. ఇలాంటి కాంట్రాక్టర్లకు 1996 నుంచి ఒక వృత్తి సంఘం ఉంది. అది శిక్షణ ఇస్తుంది, పరీక్ష పెడుతుంది, ప్రమాణపత్రం ఇస్తుంది. ఒప్పందంలో సాధారణంగా ఒక లోతు రాసుకుంటారు, రెండు అంగుళాల స్నో పడితే బండి రావాలి అన్నట్టు. ఆసుపత్రి అయితే లోతు ప్రసక్తే ఉండదు, నేల ఎప్పుడూ కనబడుతూ ఉండాలి. డబ్బు కొందరు వచ్చిన సారికింత అని తీసుకుంటారు, కొందరు సీజను మొత్తానికి ఇంత అని. రెండోది మన రైతు కౌలు మాట్లాడుకున్నట్టే. మంచు పడని ఏడు కాంట్రాక్టరుకు లాభం, విరగబడి కురిసిన ఏడు యజమానికి లాభం.

ఇప్పుడు కాస్త లెక్క. కొత్తగా పడిన స్నో దూదిలా తేలికగా ఉంటుంది, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం గాలే. సుమారుగా పది అంగుళాల కొత్త స్నో కరిగితే ఒక అంగుళం నీరు వస్తుంది. అంటే ఒక ఘనపు మీటరు స్నో బరువు 100 కిలోల దాకా అనుకోవచ్చు. అదే ఘనపు మీటరు ఐసు 917 కిలోలు. వెయ్యి చదరపు మీటర్ల పార్కింగ్ స్థలంలో 10 సెంటీమీటర్ల స్నో పడిందనుకోండి. అది 100 ఘనపు మీటర్లు, పది టన్నులు. తెల్లవారి ఉద్యోగులు వచ్చేలోపు, ఇంకా కురుస్తుండగానే, పది టన్నుల బరువును కార్లు పెట్టని మూలకు నెట్టాలి. అందుకే ఈ పని ఎక్కువగా అర్ధరాత్రి మొదలవుతుంది.

పొడిగా, కొత్తగా ఉన్నంతసేపు ఈ పని తేలిక. ట్రక్కు ముందు బిగించిన వెడల్పాటి ఇనుప పలకతో నెట్టేస్తారు. మెట్ల మీద పార సరిపోతుంది. దాని మీద కార్లు తిరిగినా, మనుషులు నడిచినా కథ మారుతుంది. లోపలి గాలి బయటికి పోయి స్నో అణిగిపోతుంది, నేలను పట్టుకుంటుంది. ఇక పలక దాని మీద జారిపోతుంది తప్ప దాన్ని లేపలేదు. దీన్ని 'తొక్కుడు మంచు' అందాం. మూడోది అన్నిటికన్నా చెడ్డది. పగలు ఎండకు కొంత కరిగిన నీరు రాత్రికి మళ్ళీ గడ్డకడుతుంది. పలచగా, గాజులా, కింద నల్లటి తారు కనబడేంత స్వచ్ఛంగా ఉంటుంది. తడిసిన నేలే అనుకుని అడుగు వేస్తాం. ఇంగ్లీషులో దీన్ని బ్లాక్ ఐస్ అంటారు. మనం 'గాజుమంచు' అనుకుందాం. మేము ఒక కొండ ఊరి బడిలో పనిచేసిన రోజుల్లో అక్కడి పిల్లలు ఈ తేడాలు చెవితో పట్టేసేవారు. కాలి కింద కరకరమంటే ధైర్యంగా పరుగెత్తేవారు. శబ్దం ఆగిపోతే వాళ్ళూ ఆగి, రెయిలింగు పట్టుకునేవారు.

గాజుమంచు ఎక్కడి నుంచి వస్తుంది? చాలాసార్లు, తీసి పోగుపెట్టిన మంచు నుంచే. అందుకే ఈ వృత్తిలో అసలు నేర్పు ఎంత వేగంగా నెట్టారన్నదానిలో కన్నా ఎక్కడ పోగుపెట్టారన్నదానిలో ఉంది. కుప్ప మిట్టన పెడితే మధ్యాహ్నం అది కరిగి నీరు నడిచే దారికి అడ్డంగా పారుతుంది, రాత్రికి గాజవుతుంది. పల్లాన, నీరు పోయే తూముకు దగ్గరగా, తూము మూసుకుపోకుండా పెట్టాలి. మలుపు దగ్గర పెడితే ఎదురొచ్చే బండి కనబడదు. చక్రాల కుర్చీ దిగే వాలు మీద పెడితే ఒక మనిషి ఆ భవనంలోకే రాలేడు. అందుకని మంచి కాంట్రాక్టరు మంచు కాలానికి ముందే స్థలమంతా నడిచి చూస్తాడు. కాలిబాట అంచులకు, ఫైరింజను నీటి కుళాయిలకు, తూములకు పక్కన పొడవాటి రంగు కర్రలు పాతుతాడు. అన్నీ మంచు కింద మునిగాక గుర్తు చెప్పేవి ఆ కర్రలే.

ఈ కుప్ప సంగతి ఒక కోర్టు తీర్పుదాకా వెళ్ళింది. 2002లో మసాచుసెట్స్ రాష్ట్రంలో డాన్వర్స్ అనే ఊళ్ళో ఒక పెద్ద దుకాణం పార్కింగ్ స్థలంలో ఒకాయన ఐసు మీద జారి పడ్డాడు. అక్కడ స్నో నెట్టి కుప్ప వేశారు. ఆ ఐసు కుప్ప నుంచి రాలి నేలకు అతుక్కున్న ముక్కో, కుప్ప కరిగి మళ్ళీ గడ్డకట్టిన నీరో. అంతవరకూ ఆ రాష్ట్రంలో న్యాయం ఏమిటంటే, మంచు సహజంగా పేరుకుంటే యజమాని బాధ్యత లేదు, మనిషి చేతితో మారితేనే ఉంది. కింది కోర్టు ఇది సహజమైనదేనని కేసు కొట్టేసింది. 2010 జులైలో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆ తేడానే తీసేసింది. నేల మీద నూనె ఒలికితే ఎంత జాగ్రత్త తీసుకోవాలో, మంచు విషయంలోనూ పరిస్థితిని బట్టి అంత జాగ్రత్త యజమాని తీసుకోవాలంది. ఇన్నేళ్ళ చట్టం కూడా ఒక విధంగా 'ఏ మంచు?' అన్న ప్రశ్న మీదే నడిచిందన్నమాట.

జారిపడితే కేసు. ఆ భయానికి మొదటి విరుగుడు ఉప్పు. అందులో రెండో ప్రమాదం దాగి ఉంది, చూద్దాం.

ఉప్పు మంచును వేడి చేయదు. ఐసు ఉపరితలం మీద ఎప్పుడూ కొన్ని నీటి అణువులు విడిపోతూ, కొన్ని తిరిగి అతుక్కుంటూ ఉంటాయి. ఉప్పు ఆ పలచటి నీటిపొరలో కరిగి, తిరిగి అతుక్కునే పనిని కష్టం చేస్తుంది. విడిపోయేవి ఎక్కువై ఐసు కరుగుతుంది. 23 శాతం ఉప్పున్న నీరు సున్నాకు దిగువన 21 డిగ్రీల దాకా గడ్డకట్టదు. కానీ చలి పెరిగేకొద్దీ ఉప్పు బలం తగ్గుతుంది. సున్నాకు ఒక డిగ్రీ దిగువన కిలో ఉప్పు సుమారు 46 కిలోల ఐసును కరిగించగలదు. ఏడు డిగ్రీల దిగువన అదే కిలో 9 కిలోలు కూడా కరిగించలేదు. కాబట్టి తెలిసినవారు గాలి ఎంత చల్లగా ఉందని కాక, నేల ఎంత చల్లగా ఉందని కొలిచి ఉప్పు వేస్తారు. ఇంకా తెలిసినవారు స్నో పడకముందే ఉప్పునీళ్ళు పిచికారీ చేస్తారు. అప్పుడు స్నో నేలను పట్టుకోలేదు, పలకతో నెడితే చాపలా లేచి వస్తుంది. అంటే ఉప్పు చేయాల్సింది మంచునంతా కరిగించడం కాదు, నేలకూ మంచుకూ ఉన్న అతుకు విప్పడం. తొక్కుడు మంచు మీద మూటలకొద్దీ ఉప్పు కుమ్మరించడం డబ్బు దండగ అని మా అభిప్రాయం, ఆ వృత్తిలోని పెద్దలదీ అదే.

కుమ్మరించిన ఉప్పు ఎక్కడికి పోతుంది? తూములోకి, వాగులోకి, చెరువులోకి. అందులోని క్లోరైడు ఆవిరి కాదు, కుళ్ళదు, నీటిలోనే ఉండిపోతుంది. ఒక్క చెంచాడు ఉప్పు చాలు, సుమారు 19 లీటర్ల నీటిని చేపలకూ, పురుగులకూ పనికిరాకుండా చేయడానికి. సరస్సుల రాష్ట్రమైన మిన్నెసోటాలో కాలుష్య నియంత్రణ వారు ప్రజలకు పదే పదే చెప్పే లెక్క ఇది. ఒకవైపు జారిపడే మనిషి, ఇంకోవైపు తాగే నీరు. కోర్టుకు భయపడి కాంట్రాక్టరు అవసరానికి మించి ఉప్పు వేస్తాడు, కొలిచి వేస్తే "తక్కువ వేశావు" అంటారేమోనని. న్యూహాంప్‌షైర్ రాష్ట్రం దీనికొక దారి వెతికింది. ఉప్పు తక్కువగా, సరిగ్గా వాడడంలో శిక్షణ పొంది ప్రమాణపత్రం తెచ్చుకుని, ఎప్పుడు ఎంత వేశారో లెక్క రాసి ఉంచేవారికి, జారిపడ్డ కేసుల నుంచి చట్టం కొంత రక్షణ ఇస్తుంది. మాకు ఇందులో నచ్చింది ఆ లెక్కల పుస్తకం. ఏ రోజు, వాతావరణం ఎలా ఉంది, ఎంత ఉప్పు అని అందులో రాయాలి. అది రాయాలంటే ముందు చూడాలి కదా.

మన దేశంలో ఈ పని వేరే రూపంలో ఉంది. మీలో కొందరి నాన్నలూ అమ్మలూ ఆ పనిలోనే ఉన్నారు. 11,500 అడుగులకు పైనున్న జోజిలా కనుమలో సరిహద్దు రోడ్ల సంస్థ వారు ఎదుర్కొనేది పార్కింగ్ స్థలం మీది పది సెంటీమీటర్లు కాదు, కొండ చరియల నుంచి దొర్లి వచ్చి బిగుసుకుపోయిన గోడలు. అక్కడ నెట్టే పలక ఒక్కటే చాలదు, కోసి పక్కకు విసిరే యంత్రం కావాలి. 2020 అక్టోబరు 3న 9 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచాక మనాలి నుంచి లాహౌల్ వెళ్ళేవారు రోహ్‌తాంగ్ మంచు కరిగేదాకా కూర్చోనక్కరలేదు. షిమ్లా వంటి పట్టణాల్లో వాలు రోడ్ల మీద ఇసుక చల్లుతారు. ఇసుక ఏ మంచునూ కరిగించదు, కాలికి పట్టు ఇస్తుంది, అంతే. వాలు మీద ఆ పట్టే చాలాసార్లు ప్రాణం కాపాడుతుంది.

ఇక ఇంటిపని. చెన్నైలో ఉన్నవారూ, విశాఖలో ఉన్నవారూ కూడా చేయవచ్చు. రెండు స్టీలు గ్లాసులు తుడిచి పొడిగా ఉంచండి. రెండింటిలోనూ సగానికి పైగా ఐసు ముక్కలు చిన్నగా కొట్టి వేయండి. రెండో గ్లాసులో మాత్రం మూడు నాలుగు చెంచాల కల్లుప్పు వేసి బాగా కలపండి. పాతకాలం కుల్ఫీ బండివాళ్ళు కుండలో చేసేది ఇదే. గ్లాసును వట్టి చేత్తో ఎక్కువసేపు పట్టుకోకండి, చర్మం కొరికినట్టవుతుంది. పావుగంట ఆగి రెండు గ్లాసుల బయటివైపు చూడండి. మొదటిదాని మీద నీటి బొట్లు ఉంటాయి. రెండోదాని మీద తెల్లటి పొర ఒకటి కడుతుంది, గోరుతో గీస్తే పొడిగా రాలుతుంది. రెంటికీ గాలిలోని తేమే మూలం.

ఆ బొట్లను ఏమంటారో, ఆ తెల్లపొరను ఏమంటారో మీ ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడగండి. ఇప్పుడు మీరున్న ఊళ్ళో పక్కింటివారినీ అడగండి. కశ్మీరులో ఉన్నవారు 'శీన్' అనే మాట దేనికి వాడతారో, దేనికి వాడరో కనుక్కోండి. ఊరి పేరు, మాట, అది దేనికి పేరో మూడు వరుసల్లో రాసి మాకు పంపండి. వచ్చిన మాటలన్నీ వచ్చే సంచికలో వేస్తాం.