గాలికి పడిన చెట్టును కట్టెల ధరకు ఇచ్చేయకండి

అక్టోబరు, నవంబరు నెలలు వచ్చాయంటే మన తీరానికి తుపాను భయం తప్పదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు గాజువాక, ఉక్కునగరం, పెదగంట్యాడ మొదలుకొని చుట్టుపక్కల పల్లెల దాకా చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను దెబ్బతీసింది. ఇలాంటప్పుడు రైతుకు చేతిలో డబ్బు ఉండదు, తోటలో దారి ఉండదు. వ్యాపారి వచ్చి మొత్తానికి ఒక రేటు చెబితే సరేననేస్తాం. పాతికేళ్లు పెంచిన చెట్టు వంటచెరకు కింద తూకానికి పోతుంది. ఎకరం, రెండెకరాలున్న రైతుకు ఇది చిన్న నష్టం కాదు. కాస్త ఓపిక పట్టి, వరుసగా పని చేసుకుంటే కొన్ని చెట్లు బతుకుతాయి, మిగతావి కలప ధర తెస్తాయి.

గొడ్డలి ఎత్తే ముందు

కరెంటు తీగల మీద పడిన చెట్టు జోలికి పోవద్దు. లైన్‌మన్ వచ్చి కరెంటు తీసేశామని చెప్పాకే దగ్గరకు వెళ్లాలి. తర్వాత పడిన చెట్లన్నింటికీ ఫొటోలు తీయించి, జాతి వారీగా ఎన్ని పడ్డాయో రాసుకోండి. గ్రామ సచివాలయంలో చెప్పి నష్టం నమోదు చేయించుకోండి. ముందే నరికి తరలించేస్తే తర్వాత చూపించడానికి ఏమీ మిగలదు. చెట్ల నరికివేతకు 2002 నాటి వాల్టా చట్టం ఉంది. టేకు వంటి కలపను బండి ఎక్కించాలంటే అటవీ శాఖ పర్మిట్ కావాలి. ఏ జాతికి ఏ కాగితం అవసరమో అటవీ రేంజి ఆఫీసులో ముందే అడగండి. రోడ్డు పక్క, పోరంబోకులో పడిన చెట్టు మనది కాదని మరవవద్దు.

ఏది నిలబెట్టాలి? ఏది తీసేయాలి?

లేత జీడి, మామిడి చెట్టు ఒరిగి, సగం వేళ్లు ఇంకా భూమిలోనే ఉంటే నిలబెట్టవచ్చు. నేల తడి ఆరకముందే ఈ పని జరగాలి. కొమ్మలు సగం దాకా తగ్గించి, చితికిన వేళ్లను శుభ్రంగా కోసి, మానుకు గోనెసంచి చుట్టి దాని మీద తాడు కట్టి మెల్లగా లాగాలి. ట్రాక్టరుతో ఒక్క ఊపున లాగితే ఉన్న వేళ్లు కూడా తెగుతాయి. లేచాక మట్టి ఎగదోసి, మూడు వైపులా ఊతకర్రలు పెట్టాలి.

విరిగిన కొమ్మను మూడు కోతల్లో తీయాలి. మానుకు అడుగు దూరంలో కింది నుంచి కొంచెం కోయాలి. దానికి కాస్త అవతల పైనుంచి కోస్తే బెరడు చీలకుండా కొమ్మ పడిపోతుంది. మిగిలిన మొండిని కొమ్మ మొదట్లో ఉండే ఉబ్బుకు బయటగా తీసేయాలి. ఉబ్బును కోసేస్తే గాయం త్వరగా మానదు. గాయానికి బోర్డో పేస్టు పూయండి. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీటిలో, 100 గ్రాముల సున్నం అర లీటరు నీటిలో వేర్వేరుగా కలిపి, తర్వాత రెండూ ఒకచోట కలుపుకోవాలి. ప్లాస్టిక్ బకెట్ వాడాలి, ఇనుప పాత్ర పనికిరాదు.

కొబ్బరికి మొవ్వు విరిగితే ఇక చిగురు రాదు. దాన్ని తోటలో వదలకూడదు. కుళ్లిన కొబ్బరి మొద్దుల్లో కొమ్ము పురుగు పెరుగుతుంది. గాయాల వాసనకు ఎర్రముక్కు పురుగు కూడా చేరుతుంది. చచ్చిన జీడి మోడు కాండం తొలిచే పురుగుకు నెలవు. దాన్ని వేళ్లతో పెకలించి తీసేయాలి. లేకుంటే తుపానుకు తట్టుకున్న చెట్లు పురుగుకు పోతాయి.

పనిముట్లు

గొడ్డలి, చేతి రంపం, గునపం, మంచి తాడు ప్రతి ఇంటా ఉండాలి. పెద్ద మానుకు పెట్రోలు రంపం కావాలి. ఒక్కరే కొనే పని లేదు, ఐదారుగురు కలిసి కొనుక్కోవచ్చు, లేదా అద్దెకు తెచ్చుకోవచ్చు. పెట్రోలులో టూ-స్ట్రోక్ ఆయిలు ఎంత కలపాలో మిషను పుస్తకంలో ఉంటుంది, అదే పాటించాలి. గొలుసుకు వేసే ఆయిలు వేరు. కోసేటప్పుడు చెక్కు రాలాలి. పిండిలా పొడి రాలుతుంటే గొలుసు మొద్దుబారిందని అర్థం, ఆకురాయి పట్టించాలి. మానులో రంపం బిగుసుకోకుండా కోతలో చెక్క మేకు కొట్టండి. ఇనుప మేకు గొలుసుకు తగిలితే పళ్లు పోతాయి. మొద్దులు చీల్చడానికి మాత్రం ఇనుప మేకులే మంచివి. లారీ కమాను బద్దలతో కొలిమిలో చేయించుకోవచ్చు. గాజువాక ఆటోనగర్ షెడ్లలో ఇంజన్లు ఎత్తే చైన్ పుల్లీ చూసే ఉంటారు. బరువైన మొద్దులు కదపడానికి అలాంటిదే పనికొస్తుంది.

హెల్మెట్, కళ్లద్దాలు, బూట్లు లేకుండా రంపం పట్టవద్దు. రంపం కొనతో కోస్తే అది ఎగిరి మీదికే వస్తుంది. భుజం కంటే ఎత్తులో, నిచ్చెన మీద నుంచి పెట్రోలు రంపంతో కోయకూడదు.

పడిన చెట్టు నిలబడి ఉన్న చెట్టు కంటే ప్రమాదం. వంగి ఉన్న మానుకు ఒక పక్క నొక్కుడు, రెండో పక్క లాగుడు ఉంటుంది. ముందు నొక్కుడు పక్క కొద్ది లోతు కోసి, తర్వాత లాగుడు పక్క నుంచి కోయాలి. తిరగేసి కోస్తే మాను చీలి కొడుతుంది. మొదట్లో కోసినప్పుడు వేళ్ల దిమ్మ మళ్లీ గుంతలోకి లేచి పడవచ్చు. ఆ గుంతలో మనుషులు, ముఖ్యంగా పిల్లలు ఉండకూడదు.

కొలత తెలిస్తే మోసపోరు

మామూలుగా మొద్దును చుట్టుకొలతలో నాలుగో వంతు లెక్కన కొలుస్తారు. మొద్దు నడిమి చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చిన దాన్ని దానితోనే హెచ్చవేసి, పొడవుతో హెచ్చవేయాలి. చుట్టుకొలత 4 అడుగులు, పొడవు 10 అడుగులైతే 1×1×10, అంటే 10 ఘనపుటడుగులు. నిజానికి ఆ గుండ్రటి మొద్దులో 12.7 ఘనపుటడుగుల కర్ర ఉంటుంది. అంటే వందకు 21 పాళ్లు తరుగు ఈ లెక్కలోనే పోయింది. ఇంకా బెరడనీ, వంకరనీ తగ్గించమంటే ఈ మాట చెప్పి బేరం ఆడండి. మొద్దులను వీలైనంత నిటారు ముక్కలుగా కోయించండి. అడ్డదిడ్డంగా పొట్టి ముక్కలు చేస్తే కలప కాస్తా కట్టె అవుతుంది.

ఏ కర్ర దేనికి?

వేప, పనస చేవ తలుపులకు, గుమ్మాలకు పనికొస్తుంది. నల్లతుమ్మ నాగళ్లకు, పనిముట్ల పిడులకు మంచిది. చింత మొద్దు మాంసం కొట్టే దిమ్మెలకు పనికొస్తుంది. మామిడి పెట్టెలకు, సెంట్రింగు పలకలకు వెళ్తుంది. ముదురు కొబ్బరి, తాడి మానుల్లో బయటి భాగమే గట్టిది, అది వాసాలకు పనికొస్తుంది. లోపలిది మెత్తన. కొండకర్ల ఆవలో తిరిగే దోనెలు తాటి మానులను తొలిచి చేసినవే. గట్టు మీద అంకుడు ఉంటే దాని కర్రను కట్టెల్లో కలపకండి. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాక బొమ్మలు ఆ కర్రతోనే చేస్తారు.

ఆరబెట్టడం

మామిడి, కొబ్బరి మానులను రెండు వారాల్లో సామిల్లుకు చేర్చాలి. ఆలస్యమైతే నల్లబడి పురుగు పడుతుంది. వెంటనే అమ్మలేకపోతే మొద్దు చివరలకు పాత పెయింటు పూస్తే పగుళ్లు తగ్గుతాయి. కోసిన పలకలను నేలకు అడుగున్నర ఎత్తున, నీడలో పేర్చాలి. పలకల మధ్య అంగుళం మందం బద్దలు రెండడుగులకొకటి, ఒకదాని మీద ఒకటి వచ్చేలా పెట్టాలి. ఒక ముక్కను వారం వారం తూకం వేస్తూ ఉండండి. బరువు తగ్గడం ఆగితే ఆ పేర్పు ఆరినట్టే.

ఇంట్లో వాడే మామిడి పలకలకు పురుగు పట్టకుండా, పచ్చిగా ఉండగానే 100 లీటర్ల నీటిలో 3 కిలోల బోరాక్స్, 2 కిలోల బోరిక్ ఆమ్లం కరిగించి ముంచాలి. తర్వాత వాటిని దగ్గరగా పేర్చి కొన్ని వారాలు పట్టా కప్పి ఉంచి, ఆపై ఆరబెట్టాలి. వానలో తడిస్తే మందు కొట్టుకుపోతుంది కాబట్టి బయట వాడే కర్రకు ఇది కుదరదు.

కొమ్మా రెమ్మా, వంకర ముక్కలు మాత్రం వంటచెరకుకు పోనివ్వండి. నిటారు మొద్దులన్నీ విడిగా పెట్టి, కొలిచి, ఇద్దరు ముగ్గురు వ్యాపారులను అడిగాకే బేరం కుదుర్చుకోండి.