జట్టు నాయకుడు: ఒక పాఠము



దేవసూగూరు, శక్తినగరులలో స్థిరపడిన మన పిల్లలు సెలవు దినములలో క్రికెట్, వాలీబాల్ ఆడుదురు. జట్టు కూడగానే పుట్టు తగవు ఒకటే: "కెప్టెన్ ఎవరు?" తరచుగా బ్యాటు ఎవరిదో వాడే కెప్టెన్! పెద్దలమైన మనము కూడ మన కూటములలో ఇట్లే చేయుచున్నామా? ఈ సంగతిని మూడు భాగములుగా ధ్యానించుదము.

1. నాయకత్వమనగా పని. క్రికెట్‌లో టాస్‌కు వెళ్లువాడు, ఎవరు బౌలింగ్ చేయవలెనో, ఎవరు ఎక్కడ నిలువవలెనో చెప్పువాడు కెప్టెన్. తన జట్టువారి నడతకు కూడ ఆట నియమములు అతనినే బాధ్యునిగా చేయుచున్నవి. వాలీబాల్‌లో రిఫరీని వివరణ అడుగు హక్కు కెప్టెన్‌కే కలదు. ఆరుగురు ఒక్కసారే అరచుట న్యాయమడుగుట కాదు.

2. నాయకత్వమనగా నమ్మకము. అమెరికాలోని మన బంధువులు చూచు బేస్‌బాల్‌లో వ్యూహము మేనేజరుది. అచ్చట కెప్టెన్‌కు అధికారము తక్కువ, గౌరవము ఎక్కువ. అనేక జట్లు కెప్టెన్‌ను నియమించనే నియమించవు. న్యూయార్క్ యాంకీస్ కెప్టెన్ డెరెక్ జీటర్ 2014లో ఆట విరమించగా, 2022 డిసెంబరులో ఆరన్ జడ్జ్‌ను నియమించువరకు ఆ స్థానము ఖాళీగానే ఉండెను. ఆట మాత్రము ఆగలేదు. బిరుదు లేకున్నను చేయవలసినవాడు తన పని చేయవచ్చును.

3. నాయకత్వమనగా తప్పుకొనుట కూడ. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబములో 1895లో పుట్టిన సి.కె. నాయుడు మనవలె వలస కుటుంబపు బిడ్డ. 1932లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టుకు పోర్‌బందర్ మహారాజు కెప్టెన్. తనకంటె ఆట తెలిసినవారున్నారని గ్రహించి ఆయన టెస్టు మ్యాచ్‌కు తప్పుకొనెను. లార్డ్స్‌లో భారతదేశపు మొదటి టెస్టుకు నాయుడు నాయకుడాయెను. చేతికి దెబ్బ తగిలినను మొదటి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేసెను. జట్టులో అదే అత్యధికము. మ్యాచ్ ఓడితిమి, అయినను ఆ ఇరువురి మాదిరి నిలిచెను.

కాబట్టి బ్యాటు ఇచ్చినవానికి కృతజ్ఞత చెప్పుదము. కెప్టెన్‌ను మాత్రము పనిని బట్టి ఎన్నుకొందము. డబ్బు ఇచ్చినవాడు, ముందు వలస వచ్చినవాడు, పెద్ద ఉద్యోగి అను లెక్కలు పిల్లలు మన యొద్దనే నేర్చుకొనుచున్నారు.

ఆలోచించుటకు ప్రశ్నలు:
అ) మన జట్టులో ఓటమికి జవాబు చెప్పువాడు ఎవడు?
ఆ) మనకంటె తగినవాడు కనబడినప్పుడు మనము తప్పుకొనగలమా?